సువార్తక్కతో జిజాన్ శుక్రవారాలు

మొన్న దమ్మామ్‌లో మా వార్డుకి జిజాన్ నుంచి ఒక ముసలావిడ వచ్చింది. మోకాలి ఆపరేషన్. కొడుకు ఇక్కడ రేవులో ఉద్యోగం చేస్తాడట, అందుకని అంత దూరం తీసుకొచ్చారు. సాయంత్రం డ్యూటీకి వెళ్ళి తలుపు తీశానో లేదో, గదంతా మొగలిపువ్వు వాసన. స్పిరిటు, ఫినాయిలు, చుట్టాలు ఫ్లాస్కుల్లో తెచ్చే యాలకుల కాఫీ తప్ప ఆ గదుల్లో ఇంకో వాసన ఎరగను నేను. ఆవిడ కూతురు ఊరి నుంచి వస్తూ ఒక మొగలిపొత్తి, తడిగుడ్డలో చుట్టిన మల్లెదండ తెచ్చి తల్లి తలగడ పక్కన పెట్టింది. నేను బీపీ మిషను పట్టుకుని అలాగే నిలబడిపోతే, "మీకూ తెలుసా ఇది?" అని అరబ్బీలో అడిగి నవ్వింది. తెలియకేం. ఈ వాసన ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేక నడిబజారులో చీవాట్లు తిన్నదాన్ని. ఆ చీవాట్లు పెట్టినావిడ పేరు సువార్త. డ్యూటీలో సిస్టర్ అనీ, బయట అక్కా అనీ పిలిచేదాన్ని. ఒకసారి పొరపాటున ఆంటీ అన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సువార్తక్క నరసాపురం మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళకు పైగా జిజాన్‌లోని ఒక ఆస్పత్రిలో పనిచేసి, నేను వెళ్ళేసరికి సర్జికల్ వార్డుకి హెడ్ నర్సుగా ఉంది. భారీ మనిషి, నెమ్మదిగా నడుస్తుంది, గట్టిగా మాట్లాడుతుంది. కరోనా అందరికీ వచ్చినట్టే ఆవిడకీ వచ్చింది, పోయింది. పోతూ పోతూ వాసన, రుచి రెండూ పట్టుకుపోయింది. తక్కినవాళ్ళకి నెలకో రెండు నెలలకో తిరిగొచ్చాయి, ఆవిడకి రాలేదు. ఆ సంగతి ఆస్పత్రిలో ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను వెళ్ళి ఆవిడ చేతిలో పడ్డాను. నాకూ తెలియదు. ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఆ తర్వాత ఆవిడ నా చేత తినిపించిన ప్రతి ముద్దనీ మీరు ఆ సంగతి తెలిసి చూడాలని. నేను తెలియక చూశాను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

జిజాన్ సౌదీకి దక్షిణపు కొసన, ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న పాత రేవు. ఇంకొంచెం దిగితే యెమెన్. నేను సౌదీ అంటే ఇసుక, అద్దాల మేడలు అనుకుని వెళ్ళాను. దిగీ దిగగానే ఒళ్ళంతా జిగట చెమట, ఉప్పుగాలి, చేపల వాసన. దీని కోసమా మా రేపల్లె వదిలి వచ్చాను అని ఏడుపొచ్చింది. మొదటి వారంలోనే తేల్చేసుకున్నాను, మూడు నెలల ప్రొబేషన్ లోపలే ఎగ్జిట్ అడిగి ఇంటికి పోవాలని. హాస్టల్ మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుకుంటుంటే సువార్తక్క వచ్చి పక్కన కూర్చుంది.

"వెళ్ళిపోతావా?"

"ఊఁ."

"వెళ్దువుగానిలే. తలుపులేం మూసెయ్యలేదెవరూ. కానీ ఈ ఊళ్ళో ముద్ద తినకుండా ఈ ఊరిని తిట్టకూడదే పిల్లా. శుక్రవారం తయారుగా ఉండు."

అది ఆవిడ పెట్టుకున్న ఆచారం. వార్డుకి ఏ కొత్తమ్మాయి వచ్చినా, మలయాళీ కానీ ఫిలిప్పీన్స్ పిల్ల కానీ, మొదటి సెలవు రోజున ఊరు చూపించి తీరాలి. ఫోటోలు ఆ తర్వాత, ఇంటికి ఫోన్లు ఆ తర్వాత. కారు గంగారామన్నది. జగిత్యాల వైపు నుంచి వచ్చి మా ఆస్పత్రిలోనే ఏసీలు బాగుచేసేవాడు. పాత టొయోటా ఒకటి కొనుక్కుని శుక్రవారాలు మమ్మల్ని తిప్పేవాడు. ఆ రోజు నా మొహం అద్దంలో చూసి, "ఏం సిస్టరమ్మా, ఈ పిల్ల ఉంటదా, పోతదా?" అన్నాడు.

"పోతుందట."

"అట్లనే అంటరు. నేను గూడ ఏడ్చిన. రూములోళ్ళు నిద్ర వోలేదు, నా ఏడుపుకు. ఇగో, ఈడనే ఉన్న ఇంక."

ముందు పూలబజారుకి తీసుకెళ్ళారు. మగవాళ్ళు బుట్టల్లో మల్లెపూలు పోసుకుని కూర్చున్నారు. మన మల్లెలే, కాస్త బొద్దుగా. పక్కనే మొగలిపొత్తులు, మరువం లాంటి ఆకులు. ఇక్కడ పెళ్ళిళ్ళకి ఆడవాళ్ళు తలంతా కప్పేసేలా ఈ దండలు అల్లుకుంటారట. అరబ్బు దేశంలో మొగలిపువ్వు చూస్తానని కలలో కూడా అనుకోలేదు. సంబరంగా వాసన చూస్తున్నాను. "ఎలా ఉందో చెప్పు" అంది సువార్తక్క.

"మొగలిపువ్వే కదక్కా."

"అది పేరే. నేను వాసన అడిగాను."

"ఘాటుగా ఉంది."

"మిరియం ఘాటా, అల్లం ఘాటా? తీపి ఉందా, లేదా? ముందేం తగిలింది, తర్వాతేం తగిలింది? నాలుగేళ్ళు నర్సింగ్ చదివి ఒక్క వాసన చెప్పలేకపోతే రేపు రోగి పక్కన నిలబడి ఏం రాస్తావే నువ్వు?"

చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. భాష తెలియకపోయినా నన్ను తిడుతోందని అందరికీ అర్థమైంది. నాకు రోషమొచ్చి కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చాను. "ముందు తేనె. ఆ వెనకాల పచ్చి ఆకు నలిపినట్టు. చివర్లో కొంచెం మా అమ్మమ్మ పెట్టె తెరిచినప్పటి పాత చీరల వాసన" అన్నాను. ఆవిడ ఒక పొత్తి తీసుకుని తన ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది. ఈవిడకి ఈ పువ్వంటే ఎంత ఇష్టమో అనుకున్నాను నేను.

తర్వాత కొండ మీద తుర్కుల కాలం నాటి కోట చూపించింది, కిందనుంచే. "మోకాళ్ళు నావి, కోట వాళ్ళది, ఇక్కణ్ణుంచి చాలు" అంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఒక పాత హోటల్లో తెర కట్టిన గదిలో కూర్చున్నాం. మగష్ వచ్చింది. అది నల్లటి రాతిగిన్నె పేరు, అందులో వండే కూర పేరూ అదే. మాంసం, బెండకాయలు, టమాటాలు వేసి గిన్నెతో సహా తందూరులో దించుతారు. బల్ల మీదకి వచ్చాక కూడా చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. దానికి తోడు జొన్నపిండి పులియబెట్టి కాల్చిన రొట్టె, ఖమీర్ అంటారు. ఒక ముక్క తుంచి ముంచుకుని తిన్నాను.

"చెప్పు."

"చాలా బాగుందక్కా."

"బాగుంది అనేది రుచి కాదే, మర్యాద. రుచి చెప్పు."

మళ్ళీ మొదలైందిరా బాబూ అనుకున్నాను. కానీ ఆకలి మీద ఉన్నాను, కూర నిజంగానే అద్భుతంగా ఉంది, దానంతటదే నోరు తెరుచుకుంది. రొట్టె మొదట పుల్లగా తగులుతుందని, నమిలేకొద్దీ తీపెక్కుతుందని చెప్పాను. బెండకాయ జిగురు లేకుండా మెత్తగా కరిగిపోయిందని, రాయికి అంటుకుని మాడినచోట పొగవాసన ఉందని, మా ఇంట్లో మట్టిదాకలో పులుసు అడుగంటితే దాని కోసమే మేం కొట్టుకునేవాళ్ళమని చెప్పాను. ఆవిడ నెమ్మదిగా నములుతూ, నా నోటివైపే చూస్తూ వింది. అప్పుడప్పుడూ "ఊఁ, ఆ మాడు. ఆ మాడు సంగతి చెప్పు మళ్ళీ" అంది. అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్ళు అంతకుముందు నాకెవరూ లేరు. అందుకే కాబోలు, తర్వాతి శుక్రవారం కోసం నేనే ఎదురుచూశాను.

అలా ఊరంతా తిన్నాం. ఒంటె తిప్పే నువ్వులగానుగ దగ్గర వేడి నూనెలో రొట్టె అద్దుకుని తిన్నాం. అరటిపండు, నెయ్యి, తేనె కలిపి రొట్టెతో పిసికే మర్సా తిన్నాం. దాని దగ్గర నాకూ ఆవిడకీ పెద్ద గొడవ, అది టిఫినా మిఠాయా అని. జిజాన్ మామిడిపళ్ళ రోజులొచ్చినప్పుడు గంగారామన్న బుట్టెడు తెచ్చి, "మీ గోదావరి పండు కన్న నయముంది, ఒప్పుకో సిస్టరమ్మా" అన్నాడు. గోదావరి జిల్లా మనిషితో అనకూడని మాట అది. ఆవిడ నావైపు తిరిగి, "నువ్వు తిని చెప్పవే, వీడి పని పడదాం" అంది. నేను తిని, పీచు తక్కువ, తీపి ఎక్కువ, కానీ మన రసాలకుండే ఆ చివరి పులుపు దీనికి లేదని తీర్పు చెప్పాను. ఆవిడ బల్ల చరిచి నవ్వింది. ఈ గోలలో మూడు నెలలు ఎప్పుడు దాటిపోయాయో నేను చూసుకోలేదు. ఎగ్జిట్ మాట ఆవిడా అడగలేదు, నేనూ ఎత్తలేదు.

వార్డులో కూడా తేడా తెలిసేది. ఇంతకుముందు రోగి నొప్పి అంటే నొప్పి అని రాసేసేదాన్ని. ఇప్పుడు మంటా, పోటా, గుంజుతోందా, ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోంది అని నా వచ్చీరాని అరబ్బీలో వదలకుండా అడిగేదాన్ని. ముసలివాళ్ళకి అలా అడగడం ఇష్టం. సగం నొప్పి చెప్పుకోవడంతోనే తగ్గినట్టు కనిపించేవాళ్ళు.

ఆ వార్డులోనే ఒక రోజు విషయం బయటపడింది. ఫరసాన్ దీవి నుంచి వచ్చిన ఒక ముసలి చేపలవాడు ఉండేవాడు, షుగరు మనిషి, కాలికి పుండు. పొద్దున రౌండులో సువార్తక్క ముందు, నేను వెనక. కట్టు పైకి పొడిగా, శుభ్రంగా ఉంది. జ్వరం లేదు. "బాగానే ఉంది, రేపు మారుద్దాం" అని ఆవిడ ముందుకి కదిలింది. నాకు తెర తీస్తూనే వాసన కొట్టింది. ఆవిడకి తెలియనిదా, ఏదో ఆలోచించే అని ఉంటుంది అనుకున్నాను. అయినా ఆగలేక, "సిస్టర్, కట్టు లోపలినుంచి వాసన వస్తోంది" అన్నాను.

ఆవిడ ఆగింది. తిరిగి వచ్చి కాలి మీదకి వంగింది. లేచి నా మొహంలోకి చూసి, తగ్గు గొంతుతో, "ఎలా ఉందో చెప్పు" అంది.

హోటల్లో అడిగిన మాటే. కానీ ఆ కళ్ళలో అప్పటిదాకా నేనెప్పుడూ చూడని భయం ఉంది. "తియ్యగా ఉంది. బాగా మగ్గి కుళ్ళిన పండులాగా" అన్నాను. ఆ మాట పూర్తికాకముందే ఆవిడ చేతులకి గ్లవ్స్ వేసుకుని కట్టు విప్పేసింది. లోపల పచ్చటి చీము. డాక్టరు పరుగున వచ్చాడు. ఆ ముసలాయనకి చిటికెనవేలు పోయింది కానీ పాదం దక్కింది. ఇంకో రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో మా ఇద్దరికీ తెలుసు.

ఆ శుక్రవారం చేపల రేవుకి వెళ్ళాం. అక్కడ మనం చేప ఏరుకుని ఇస్తే, నిలువునా చీల్చి మసాలా పూసి తందూరులో కాల్చి ఇస్తారు. చేప వచ్చింది. ఆవిడ ముట్టుకోలేదు. గంగారామన్న కారు దగ్గరే ఉండిపోయాడు, ఏదో అయిందని అతనికీ తెలిసినట్టుంది.

"నాకు వాసన లేదే" అంది. "రుచీ లేదు. కరోనాతో పోయాయి. నోట్లో ఏం పెట్టుకున్నా తడిసిన అట్టముక్కే."

నాకు తినిపించిన హోటళ్ళన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. "మరి మగష్? మామిడిపళ్ళు?"

"నువ్వు చెప్పావుగా. నువ్వు మాడు అంటే నాకు ఆ మాడు గుర్తొచ్చేది. గుర్తొస్తే కొంచెం తిన్నట్టుండేది. కొత్తపిల్లలందరికీ చూపించాను ఊరు, ఎవర్నీ ఇలా పీడించలేదు. నిన్ను పీడించాను. నా ఆకలి కొద్దీ అడిగాను, నీకు నేర్పడానికి కాదు."

తర్వాత ఆవిడ ఇంకో మాట చెప్పింది. రుచి పోతే పోయింది, గంజి తాగి బతకొచ్చు. కానీ ఇన్నేళ్ళూ వార్డులో అడుగుపెడుతూనే ఏ మంచం దగ్గర ఏముందో ముక్కే చెప్పేది. చీము పట్టిన పుండేదో, కడుపులో రక్తం పోతున్నవాళ్ళ విరేచనమేదో, షుగరు తలకెక్కినవాళ్ళ ఊపిరేదో. ఆ ముక్కు పోయిందని చెబితే పంపించేస్తారు. చెప్పకపోతే ఎవరో ఒకరు చస్తారు. ఇన్నాళ్ళూ కళ్ళతో, చేతులతో నెట్టుకొచ్చింది. మొన్న అవి చాలలేదు. "ఎవరైనా చచ్చిపోతే, ఆ తర్వాత ఈ చేతుల్తో అన్నం తినగలనా నేను?" అంది. నేను ఏడ్చేశాను. ఆవిడ నన్ను ఓదార్చాల్సి వచ్చింది, చూడండి విడ్డూరం.

మర్నాడు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వెళ్ళి నర్సింగ్ డైరెక్టరుకి తానే చెప్పేసింది. తలుపు బయట నేను కూర్చున్నాను. చాలాసేపటికి బయటికొచ్చి, "పంపలేదు. వార్డు మాత్రం తీసేశారు. కొత్తపిల్లలకి పాఠాలు చెప్పాలట" అంది. బట్టలు సర్దుకోవాల్సి రానందుకు సంతోషించాలో, వార్డు పోయినందుకు ఏడవాలో ఆవిడకే తెలియలేదు. సరాసరి వార్డుకెళ్ళి, ఆ చేపలాయన మంచం దగ్గర కాసేపు నిలబడి, అతని దుప్పటి సరిచేసి వచ్చేసింది.

ఆ తర్వాత కూడా శుక్రవారాలు ఆగలేదు. ఇప్పుడు దాపరికం లేదు కనుక ఇంకా బాగుండేవి. ఒకసారి ఓడెక్కి ఫరసాన్ కూడా వెళ్ళాం. పూర్వం ముత్యాల వర్తకులు పగడపురాయితో కట్టుకున్న ఇళ్ళున్నాయక్కడ, గోడల నిండా చెక్కిన పూలూ లతలూ. ఒక గోడ మీద ఆవిడ వేలితో తడుముకుంటూ ఆ చెక్కడం ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో నాకు చూపించింది. నేనైతే గోడ అని చూసి వెళ్ళిపోయేదాన్ని. సముద్రం ఒడ్డున వేయించిన చేప తింటూ నేను రుచి చెప్పాను. ఆవిడ విని, "అబద్ధం. నిమ్మకాయ పిండకుండా ఆ పులుపెక్కడిదే?" అని పట్టుకుంది. నిజమే, నిమ్మచెక్క పళ్ళెంలో అలాగే ఉంది, పిండకుండానే అలవాటుకొద్దీ పులుపు చెప్పేశాను.

తర్వాత రెండేళ్ళకి ఆవిడ ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని నరసాపురం వెళ్ళిపోయింది, తమ్ముడింటికి. నేను దమ్మామ్ వచ్చేశాను. నిరుడు సెలవులకి వెళ్ళినప్పుడు చూడ్డానికి వెళ్ళాను. నా కోసం తానే కొరమేను పులుసు పెట్టింది. తమ్ముడు, మరదలు, నేను, అందరం కూర్చున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో నోరంతా ఉప్పుకశం. వాళ్ళిద్దరూ తలెత్తకుండా తింటున్నారు. "బాగుందక్కా" అన్నాడు తమ్ముడు. "చాలా బాగుందండి వదినగారూ" అంది మరదలు. ఎంత ప్రేమ లేకపోతే ఆ ఉప్పు అలా మింగుతారు!

సువార్తక్క గరిటె పట్టుకుని నావైపు చూసింది. "నువ్వు చెప్పవే."

"ఉప్పు రెండుసార్లు పడిందక్కా."

మరదలు ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది. తమ్ముడు నన్ను మింగేసేలా చూశాడు. నేను ఆపలేదు. "చింతపండు సరిపోయింది. మెంతులు చివర్లో సన్నగా చేదు తగులుతున్నాయి. చేప చెదరలేదు, ముక్క మెత్తగా ఉంది. ఉప్పొక్కటే చంపేస్తోంది."

"మెంతులు తెలుస్తున్నాయా?" అంది.

"తెలుస్తున్నాయి."

"చింతపండు పట్టిందా?"

"పట్టింది."

ఆవిడ పీట మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, రెండూ అనుకుంటాను. "వచ్చిన దగ్గర్నుంచీ బాగుంది, బాగుంది అంటారే వీళ్ళు. ఏది బాగుందో ఏది పాడైందో తెలియక చస్తున్నాను. వంటే మర్చిపోయాననుకున్నాను. ఉప్పొక్కటే తప్పిందన్నమాట!" తమ్ముడు అది చూసి, "మొన్నటి పప్పులో అసలు ఉప్పే లేదక్కా" అన్నాడు. ఆవిడ అంత గట్టిగా నవ్వగా జిజాన్‌లో కూడా వినలేదు నేను.

ఇప్పుడు నాకు నోరు మూసుకుని తినడం చేతకాదు. ముద్ద పెట్టుకోగానే మాటలు వెతుక్కుంటాను. మా వార్డులో కొత్త నర్సులు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం గదిలో కంచం ముందు పెట్టుకుని ఆవిడకి ఫోన్ చేస్తాను. నాకు పన్నెండున్నర అంటే అక్కడ మూడు. అంతసేపు పస్తు కూర్చుంటుందని వాళ్ళ తమ్ముడు నా మీద కేకలేస్తాడు. నేనేం చెయ్యను? ఆవిడ కంచంలో అన్నం కలుపుకుని, ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని, నేను మొదటి ముద్ద రుచి చెప్పేదాకా తన ముద్ద ఎత్తదు.